అడ్డగీత

చీమకుర్తి రాయి నల్లగా ఉంటదంటారు.
దగ్గరికొచ్చి చూడు, లోపల బంగారు నలుసులు.
ఓడలెక్కి పోయే రాయిలో
అంచు విరిగిన ముక్క ఒకటి
కనిగిరిలో నా కొట్టు ముందు దించారు.

శిలాఫలకం. అక్షరానికి ఇరవై రెండు రూపాయలు.
పేర్లే తొమ్మిది వరసలు,
పదవులు పేర్లకంటే పొడుగు.
నడుమ ఒక్క వరస:
ప్రభుత్వ – ప్రైవేటు భాగస్వామ్యంతో
డయాలసిస్ కేంద్రం.

కాంట్రాక్టరు వేలు పెట్టి లెక్కించాడు.
ఒత్తులకు వేరే లేదన్నాడు, సరే అన్నా.
"ఆ మధ్యలో గీత అక్షరం కాదు గదా కాశింవలీ" అన్నాడు.
అదీ సరే అన్నా.
రెండు ఉలి దెబ్బల పని, ఏం అడుగుతాం.

అప్పటికి మా పీరమ్మక్క
వారానికి రెండుసార్లు ఒంగోలు పోతా ఉంది.
తెల్లారగట్ట నాలుగింటి బస్సు,
పొదిలి దాటకముందే వాంతి,
తిరిగొచ్చేసరికి వీధి దీపాలు.
కూలి పోగొట్టుకుని తోడు పోయే బావ.
కేంద్రం తెరిచాక ఆటోలో పావుగంట.
అబద్ధం ఎందుకు, ఆ వారం
ఫలకానికి నేనే చెమ్కీ దండ వేసొచ్చా.

మిషన్లు కంపెనీవి. గోడలు సర్కారువి.
ఏసీ చలికి కప్పుకునే దుప్పటి మాది.
మీట నొక్కే పిల్లాడు యోనా
ఎవరివాడో యోనాకే తెలీదు:
జీతం అడిగితే ఇటు చూపిస్తారు,
సెలవడిగితే అటు.

మొన్న ఎండాకాలం
నీళ్లు శుద్ధి చేసే గదిలో మోటారు కాలింది.
మోటారు మాది కాదు, బిల్డింగుది, అంది కంపెనీ ఫోను.
నీళ్లు మా మీద లేవు, కాయితం చూడండి, అన్నారు ఆస్పత్రి వాళ్లు.
కాయితం చూశారు. నలభయ్యో పేజీలో
ఇద్దరి సంతకాలూ ఉన్నాయి,
మోటారు లేదు.
పొత్తుల మగడు పుచ్చి చచ్చాడని
మా జేజి అంటుంటే నవ్వేవాణ్ణి.

ఎనిమిది కుర్చీలు, ఎనిమిది మంది.
చెప్పుల్లో పట్టని పాదాలు.
నోరెండినా గుక్కెడు తాగకూడని వాళ్లు
నీళ్ల కోసం కూర్చోనుండారు.

యోనా బండేసుకుని పామూరు దాకా పోయి
మెకానిక్కుని వెనక కూర్చోబెట్టుకొచ్చాడు.
వైండింగు డబ్బులు తలా ఇంత వేశాం.
నా వంతు లెక్కేస్తే సరిగ్గా
ఫలకం మీది మొదటి పేరు,
ఇంటిపేరుతో సహా.

రాత్రి తొమ్మిదికి మిషను తిరిగింది.
అక్క ఎప్పుడో బయటికొచ్చి,
"రేపు చారులో ఉప్పు తగ్గించమని చెప్పు" అంది.
అంతే.

ఇప్పుడింకో ఫలకం. రక్తపరీక్షల ల్యాబు.
అదే కాంట్రాక్టరు, అదే నడిమి వరస.
బిల్లులో రాశా:
అక్షరాలు నూట తొంభై ఆరు.
గీత ఒకటి, ఐదొందలు.

"ఇంత గీతకా?"
"ఇంత గీతలోనే మేమందరం పడుకుని లేవాల సామీ,
లోతుగా చెక్కాల."

నవ్వి, ఆ వరస కొట్టేసి, మిగతాది ఇచ్చిపోయాడు.
లోతుగానే చెక్కా.
రాయి ఇంకా కొట్టు ముందు వెల్లకిలా ఉంది.
రాత్రి జల్లుకు తడిసిన అక్షరాలన్నీ
పొద్దెక్కేసరికి ఆరిపోయాయి.
గీతలో మాత్రం ఇంకా
కాసిని నీళ్లు.