మూడో చప్పుడు

మంగళవారం వచ్చింది చానల్ వాళ్ళ ఉత్తరం.
రెండు వాక్యాలు. రెండోది, కృతజ్ఞతలు.
'తొమ్మిదో రేవు' సీరియల్ అంతటితో సరి.

అప్పటికి నెస్సా చెయ్యి గడియ మీద ఉంది.
బయట ఎవరో మూడుసార్లు తలుపు తట్టారు.
తెర నల్లబడింది.
ఆ చెయ్యి ఆరేళ్ళు అట్లాగే ఉండిపోయింది.

నా ఉద్యోగం పొంతన చూడటం.
ఏ కప్పులో టీ ఎంతదాకా ఉంది,
ఏ షాట్‌లో ఏ బొత్తాం ఊడింది,
వాన తడి ఏ భుజం మీద.
అన్నీ రాసుకున్న పదకొండు నోటు పుస్తకాలు
అబర్డీన్‌లో మా నేలమాళిగలోకి నీళ్ళొచ్చిన ఏడాది
ముద్దయిపోయాయి. చెత్తబండిలో వేసేశాను,
ఇంకెవరు అడుగుతారులే అని.

అడిగారు.
లెర్విక్‌లో బస్సు నడిపే టల్లొక్
నెలకి ఐదు పౌండ్లు పక్కన పెడుతున్నాడట,
ఎవరూ చందా అడగకముందు నుంచే.
డండీలో ఊనా అనే నర్సు
రాత్రి డ్యూటీల డబ్బు వేసింది.
ఐదు పౌండ్లకి ఒక ధన్యవాదం,
యాభైకి ఆటుపోట్ల పట్టిక అచ్చేసిన కప్పు,
ఐదొందలకి రేవు గుంపులో నిలబడే భాగ్యం.
మా వీధి చర్చి పైకప్పుకి కూడా
ఇంత తొందరగా పోగవలేదు.
పాస్టరు నవ్వుతూనే అన్నాడు.
కానీ అన్నాడు.

డబ్బు వచ్చింది. రేవు లేదు.
అక్కడిప్పుడు సూపర్ మార్కెట్, కార్లు నిలిపే తెల్లగీతలు.
ఒక పడవల షెడ్డులో సగం రేవు కట్టాం.
తలుపు మాత్రం పాతదే దొరికింది.
స్ట్రోమ్‌నెస్‌లో మిసెస్ ఫ్లెట్ దాన్ని వేలంలో కొని
కోళ్ళగూటికి బిగించుకుంది.
అమ్మనంది. అరువిస్తానంది.
"శుక్రవారానికల్లా తిరిగిచ్చెయ్యాలి, కోళ్ళు నిద్రపోవు" అంటూ
వ్యాన్‌లో తలుపు పక్కనే కూర్చుని
పడవ దాటి వచ్చింది.

అడుగుచెక్క నిండా ముక్కు పోట్లు, గోళ్ళ గీతలు.
నాకు చెమటలు పట్టాయి.
దర్శకుడు వంగి చూశాడు.
"ఆరేళ్ళూ ఎవరో తెరవమని గీకినట్టుంది. ఉండనీ."

సరే, ఏ చెయ్యి?
కేట్రియోనా నావైపు చూసింది.
నేను లేని పుస్తకం వైపు చూశాను.
గుంపులోంచి టల్లొక్, టోపీ తీసి,
"ఎడమ చెయ్యమ్మా. కుడిచేతిలో లాంతరు కదా.
చూపుడువేలు గడియకి ఆనదు."
ఆమె ఎడమ చెయ్యి పెట్టింది.
కణుపులు వాచి ఉన్నాయిప్పుడు.
నెస్సా ఉంగరం ఎక్కడానికి సబ్బు రాశాం.

ఒక మాట. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.
ఆ రోజు తలుపు వెనక ఎవరూ లేరు.
ఎవరుండాలో రాసినవాడికే తెలీదు,
వచ్చే ఏడు చూసుకుందాం అన్నాడు.
తట్టింది నేను, పెన్సిలు మొండివైపుతో.
రెండు దెబ్బలకే అది చేతిలోంచి జారింది.
అందుకే మూడోది ఆలస్యం.

ఆ ఆలస్యం మీద వీళ్ళు ఎన్ని రాత్రులు వాదించుకున్నారో!
దెబ్బ తగిలిన మనిషి అని ఒకరు.
వెళ్ళిపోదామని సగం వెనక్కి తిరిగి
మళ్ళీ వచ్చిన మనిషి అని ఊనా.

"అచ్చం ఆ చప్పుడే కావాలి" అన్నాడు దర్శకుడు.
తలుపు వెనక్కి వెళ్ళాను. కోళ్ళ వాసన.
తట్టాను. తట్టాను.
పెన్సిలు జారవిడిచాను, కావాలనే,
వంగి తీసుకుని తట్టాను.
అవతల టల్లొక్ గొంతు, మెల్లగా:
"ఇంకొంచెం ఆగాలి."

మళ్ళీ.

"ఇంకొంచెం."

మూడోసారి పెన్సిలు నిజంగానే దొర్లిపోయింది.
మోకాళ్ళ మీద వెతుకుతున్నాను.
తలుపు కింది సందులోంచి వాళ్ళ బూట్లు కనబడ్డాయి,
వరసలు వరసలుగా, తడిసినవి, కుట్లు విడినవి.
ఒక్కటీ కదలడం లేదు.
వేలి కణుపుతో తట్టాను.

గడియ కదిలింది.