తరుగు

ఆ ఏడు తోతాపురి ధర నాలుగు రూపాయలకు పడింది.
గుడిపాల దారిలో, గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందర
ట్రాక్టర్లు మూడు రాత్రులు నిలబడిపోయినాయి.
టార్పాలిన్ల కింద కాయ పండై, పండు రసమై
తారురోడ్డు మీదికి కారింది. ఈగలకు తిరునాళ్లు.
రైతులు టైర్లకు వీపు ఆనించి కునుకు తీస్తా
ఆ కునుకులో కూడా టోకెను పట్టుకున్న పిడికిలి విప్పలేదు.

నాది కాటా గది.
ఒక కిటికీ, ఎర్ర అంకెలు, చీటీల పుస్తకం.
పదకొండేళ్లుగా చేసేది ఒకటే,
ఇనుము చెప్పింది కాగితానికి చెప్పడం.

రెండో దినం మేనేజరు తానే టీ పట్టుకొచ్చినాడు.
"టన్నుకు ఎనభై కిలోలు తరుగు వేసెయ్ ఏసుపాదం.
కాయ ఎట్లాగూ మెత్తబడింది.
అడిగేదెవరు? లోపలికి పోతే చాలని ఉండారు."
అవుననలేదు నేను. కాదనీ అనలేదు.
టీ తాగినాను. అల్లం వేసి బాగా పెట్టినారు.
ఇప్పటికీ నా సిగ్గు ఆ రుచి దగ్గరే మొదలవుతుంది.

పొద్దుగూకేలోపల పద్నాలుగు బండ్లకు తరుగు వేసినాను.

మా అమ్మ అన్నమణి
ఒకప్పుడు సంతలో చింతపండు అమ్మేది.
తూచే ముందర ప్రతిసారీ
తక్కెడ ఖాళీ తట్టలు ఎత్తి పట్టి
ముల్లు నిలిచేదాకా ఊపిరి బిగబట్టేది.
"చూసినాం లేమ్మా" అని విసుక్కునేవాళ్లు జనం.
"మీకు కాదు నాయనా" అనేది.
మరి ఎవరికో, చెప్పేది కాదు.

ఆ రాత్రి గంజి తాగి ప్రార్థనకు కూర్చున్నాం.
కరెంటు లేదు. అమ్మకు వెలుతురుతో పని లేదు,
వాక్యం ఆమెకు చెవితో వచ్చింది, కంటితో కాదు.
"ప్రభువా, రోడ్డు మీద పండుకోనుండే బిడ్డలను కాయి.
వాళ్ల చెమట నా కొడుకు చేతిలో పెట్టినావు,
ఆ చెయ్యి వణక్కుండా చూడు."
ఆమెకేమీ తెలియదు. తెలియకనే అనింది.
ఆమెన్ అనబోతే
గొంతులో మామిడి టెంక మాదిరి అడ్డం పడింది.

మూడున్నరకే పోయినాను. నిద్రపోయింది లేదు, లేచేదానికి.
కాటా మీద బండి ఇంకా ఎక్కలేదు.
ఎర్ర అంకె కొంచెం వణికి, సున్నా దగ్గర నిలబడింది.
దాని ముందర ఊరికే నిలబడినాను.
మోకాళ్లు వంచలేదు. మాటలూ రాలేదు.
లోపల కొట్టుకుంటా ఉండింది ఏదో
మెల్లగా ఆ అంకె పక్కకు వచ్చి ఆగింది.

మొదటి బండి చెంగల్రాయులుది, తవణంపల్లె.
నుదుట నామం, మూడు దినాల గడ్డం.
"ఎంత తీసేసినావప్పా?" అన్నాడు,
తీసేసి ఉంటారని తెలిసిన గొంతుతోనే.
"ఏమీ లేదు."
చీటీ మూడుసార్లు చదివినాడు.
నాకు కాదు, కాటాకు దండం పెట్టి పోయినాడు.

ధర పెరగలేదు. ఎవరి బాకీ తీరలేదు.
మధ్యాహ్నానికి కాటా గదిలో వేరే మనిషి కూర్చున్నాడు.
పద్నాలుగు చీటీల నకళ్లు జేబులో పెట్టుకొని
గేటు బయట కానుగ చెట్టు కింద
పట్టపగలు, చెప్పులు తలకింద పెట్టుకొని
నిద్రపోయినాను.
చిన్నప్పుడు చింతపండు గోతాల మీద
పట్టేది అట్లాంటి నిద్ర.

ఇప్పుడు ఇటుకల బట్టీలో లెక్కలు రాస్తాను.
ఆదివారం ఆరాధన అయినాక
టీవీయస్ ఎక్కి ఊళ్లు తిరుగుతాను.
టన్నుకు ఎనభై కిలోల చొప్పున, నాలుగు రూపాయల లెక్కన
నా కూలిలోంచి ఇచ్చి వస్తాను.
కొందరు తిట్టినారు. ఒకామె మజ్జిగ ఇచ్చింది.
యాదమరిలో ఒకాయన డబ్బు ముట్టుకోలేదు,
"మీ అమ్మకు చెప్పు" అన్నాడు,
ఏం చెప్పాలో చెప్పలేదు.

పదమూడు అయినాయి.
ఒకటి మిగిలింది. గుర్రప్ప, టోకెను అరవై ఒకటి.
ఊరి పేరు, ఆ దినం తొందరలో, నేనే రాయలేదు.

సాయంత్రం అమ్మ ప్రార్థనకు చేతులెత్తుతుంది,
రెండూ ఖాళీ, రెండూ ఒకే ఎత్తులో.
"ఆ గుర్రప్ప దొరికినాడా?" అంటుంది,
కళ్లు తెరవకుండానే.