పెదవి కలిసే చోటు

చిత్తూరు, గ్రీమ్స్‌పేట.
కింద పిండిమర, పైన నేను.
రాగులు పోస్తే నా టేబుల్ సన్నగా వణుకుతుంది.
ఎండుమిరపకాయలు పోసిన రోజు
ఏడుపు సీన్లన్నీ ముందుకు జరుపుకుంటాను.
కన్నీళ్ళకు వేరే ఖర్చు ఉండదు.

తమిళ సీరియల్‌ను తెలుగు నోట్లో పెట్టే పని నాది.
ఎపిసోడ్‌కు తొమ్మిదొందలు.
ప్రసారమైన తొంభై రోజులకు ఇస్తారు,
అందులో పదోవంతు పన్ను కింద పట్టుకుని.
ఆ తొంభై రోజులూ ఏం తినాలో
అగ్రిమెంటులో ఏ పేజీలోనూ లేదు. రెండుసార్లు చదివాను.

తెర మీద మనిషి పెదవులు మూసిన చోట
నా మాట కూడా మూసుకోవాలి.
ప, బ, మ.
ఇరవై రెండేళ్ళుగా ఈ మూడక్షరాలే
పప్పూ, బాడుగా, మందులూ.

ఒకసారి, ఆస్తి కాగితాల మీద సంతకం పెట్టమంటే
ఒక పిల్ల కెమెరాకు బాగా దగ్గరగా వచ్చి
"వేండాం" అంది. అని, పెదవులు బిగించింది.
మన "వద్దు" ఉందే, అది
పెదవుల్ని సున్నా చుట్టి గాలికి వదిలేస్తుంది.
అర్ధరాత్రి దాకా వెతికి
"వద్దన్నాం" అని రాశాను.
ఒక్క పిల్లకు బహువచనం ఏందక్కా అని
డబ్బింగ్ ఇంజనీరు నవ్వాడు.
పెదవి సరిపోయింది. అతనికి అంతే చాలు.
నాకూ అప్పటికి అంతే చాలు.

మునిరత్నం అంగట్లో నా పేరుతో ఒక పేజీ.
"రైటరమ్మా, ఆ విషం గ్లాసు
రేపు ఎవురు తాగేది?"
చెబితే అరకిలో కందిపప్పు
పేజీలో ఎక్కించకుండా ఇస్తాడు.
చెప్పను.
(ఒకసారి చెప్పాను. జూన్ నెల, గ్యాస్ అయిపోయిన రోజు.)

మధ్యలో చిల్లర పనులు.
మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి రెండు నిమిషాల సినిమా:
తోతాపురి ముక్కు మీద నాలుగు వాక్యాలు,
రెండువేలూ, ఆరు డబ్బాల గుజ్జూ.
కాణిపాకం రోడ్డులో ఒక నాయకుడి పుట్టినరోజు వీడియోకు
"జనం కోసం పుట్టినాడు" అని రాయమన్నారు.
"జనంలో పుట్టినాడు" అని రాశాను.
మొత్తం వీడియోలో నిజం అదొక్కటే.
ఆ డబ్బు ఇంకా రాలేదు.

నాకు పని నేర్పిన పెరుమాళ్ళయ్య అనేవాడు:
"సీను రాసేటప్పుడు దేవత మాదిరి రాయి.
బిల్లు రాసేటప్పుడు వడ్డీకిచ్చేవాడి మాదిరి రాయి."
మొదటిది నెలలో వచ్చింది.
రెండోది రాకుండానే జుట్టు తెల్లబడింది.

పోయిన గురువారం తిరుపతి నుంచి
ఒక అబ్బాయి బండి మీద వచ్చాడు.
సినిమా అంట. స్క్రిప్టు మొత్తం నేనే అంట.
"ఇప్పుడు డబ్బుల్లేవక్కా. పేరు మాత్రం
తెర మీద మీదొక్కటే పడతాది."
సరిగ్గా అప్పుడే కరెంటు పోయి మర ఆగింది.
అంత నిశ్శబ్దం ఆ మిద్దె మీద నేనెప్పుడూ వినలేదు.

"వద్దన్నాం," అన్నాను.

అబ్బాయి వెనక్కి తిరిగి చూశాడు,
ఇంకెవరున్నారా అని.
ఉన్నారు నాయనా.
బాడుగ ఉంది. మునిరత్నం పేజీ ఉంది.
తొంభై రోజులున్నాయి, వరసగా కూర్చుని.
ఆ సంతకం పెట్టని పిల్ల కూడా ఉంది,
ఆ మాట నాకోసమే దాచిపెట్టి.

సగం మెట్లు దిగి ఆగాడు.
"అడ్వాన్స్ అయితే... ఎంతక్కా?"

పదిహేనువేలు.
మొదటి అక్షరానికే పెదవులు కలిశాయి.

కనుక్కుని చెప్తానన్నాడు.
కింద కరెంటొచ్చింది. రాగులు.