వెయ్యో వంతులు

ఈ మేడ మొత్తం విలువ వెయ్యి.
నా దగ్గరున్న పట్టికలో అలాగే రాసుంది.
కింద చెప్పుల దుకాణం నూట ఎనిమిది,
సముద్రం కనబడే అయిదో అంతస్తు నూట ముప్పై,
నాలుగో అంతస్తులో వెనకవైపు
ఒండీనా వాస్కొత్తోది అరవై ఒకటి.
మెట్లు అందరివీ. పైకప్పు అందరిదీ.
కారినప్పుడు మాత్రం
ఎవరి నెత్తిన కారితే వాళ్ళది.

నేను నిర్వాహకుణ్ణి.
త్రియెస్తేలో పదకొండు మేడల తాళాలూ తగాదాలూ
ఇరవై రెండేళ్ళుగా ఒకే సంచిలో మోస్తున్నాను.

గొడవ ఒక కుర్చీ గురించి.

లిఫ్టు లేదు.
పెట్టిద్దామా అని మూడుసార్లు ఓటింగు జరిగింది,
మూడుసార్లూ కింది అంతస్తులవాళ్ళ కాళ్ళు
బాగానే ఉన్నాయి.
ఆ చలికాలం ఒండీనా
వంటింట్లోంచి ఒక కుర్చీ మోసుకొచ్చి
రెండో అంతస్తు మలుపులో వేసింది.
ఆకుపచ్చ రంగు, పొట్టి కాలికి సీసా బిరడా.
బజారునించి వస్తూ అక్కడ కూర్చునేది
చేపల పొట్లం ఒళ్ళో పెట్టుకుని,
వెనకబడిన ఊపిరి
ఒక్కొక్క మెట్టే ఎక్కి తనని కలుసుకునేదాకా.

ఎజీదియో స్తెర్పిన్ది రెండో అంతస్తు, నూట నాలుగు.
కస్టమ్స్‌లో పనిచేసి దిగిపోయిన మనిషి.
ఉమ్మడి చోట సొంత సామానేమిటన్నాడు.
ఇవాళ కుర్చీ, రేపు బీరువా, ఎల్లుండి మంచం.

సమావేశం పెట్టాను, హీటరు రాజుకోని చర్చి హాల్లో.
కోట్లు విప్పకుండానే ఓటేశారు.
తీసెయ్యాలి: అయిదువందల పన్నెండు.
ఉండనీ: మూడువందల ఎనభై.
చెప్పుల దుకాణం ఎప్పట్లాగే రాలేదు.

ఆవిడ తియ్యలేదు.
దావా వేశాం.
వకీలు ఫీజు పంచి చీటీలు పంపితే
ఆవిడ మీద ఆవిడే వేసుకున్న దావాకి
అరవై ఒక్క వంతుల చీటీ ఆవిడక్కూడా వెళ్ళింది.
అది చెల్లదని వాళ్ళ వకీలు ఉత్తరం రాశాడు.
తప్పు నాదే, చించేశాను.
తిలాపాపం తలా పిడికెడు అంటారు.
మా పిడికిళ్ళకి దశాంశ స్థానాలు కూడా ఉంటాయి.

నాలుగేళ్ళు.
కోర్టు పంపిన ఇంజనీరు టేపుతో వచ్చాడు.
మలుపు వెడల్పు నూట ముప్పై ఒకటి,
కుర్చీ నలభై రెండు.
అన్నీ రాసుకుని, పైకి చూసి, కిందికి చూసి,
కూర్చున్నాడు.
ఆ సంగతి నివేదికలో లేదు.

చివరి విచారణ రోజు
న్యాయమూర్తి మా మూడో ఫోటోని
కళ్ళజోడు తీసి మరీ చూసింది.
కుర్చీ మీద మడిచిన పత్రిక,
సగం నింపిన గళ్ళ నుడికట్టు,
కస్టమ్స్ రసీదుల మీద ఉండేలాంటి నిటారు అక్షరాలు.
“ఇది ఎవరిది?”
స్తెర్పిన్ కిటికీకేసి తిరిగాడు.
బయట బోరా గాలికి ఎవరి గొడుగో
గొడుగుతనం వదిలేసి దొర్లిపోతోంది.

రాజీ కుదిరింది.
కుర్చీ ఉంటుంది, కానీ ఆవిడది కాదు, ఉమ్మడిది.
బిరడాతో సహా పట్టికలోకి ఎక్కించాను,
మెట్ల కింద, చెత్తడబ్బాల పైన.
సంతకానికి వెళితే ఒండీనా కాగితం రెండుసార్లు చదివి
“అయితే నా కుర్చీలో నాది అరవై ఒకటా” అంది.
“అవునండీ.”
“మరి నేను కూర్చున్నప్పుడు
మిగతా తొమ్మిదివందల ముప్పై తొమ్మిదీ
ఎక్కడ కూర్చుంటాయి?”
దానికి నా దగ్గర పట్టిక లేదు.
నవ్వలేదావిడ. కాఫీ ఇచ్చింది.
ఆ నాలుగేళ్ళలోనూ ప్రతిసారీ ఇచ్చింది.

నిన్న మళ్ళీ వెళ్ళాను, నీళ్ళ మీటర్ల పని.
నాకూ యాభై ఎనిమిది దాటాయి.
రెండో అంతస్తు మలుపు దగ్గర ఆగాను.
కుర్చీ ఖాళీగా ఉంది.
నాకిందులో వెయ్యో వంతు కూడా లేదు.
సంచి ఒక్కటీ దాని మీద పెట్టి
గోడకి ఆనుకుని నిలబడ్డాను.
కింద ఎవరో వీధి తలుపు తీశారు.
సంచి తీసేశాను.