జర కిందికి రాయి

దేవరకొండ బస్టాండు ఎనుక
రేకుల డబ్బాల నా దుకాణం.
మదార్ ఆర్ట్స్. అంతే. ఇంటిపేరు రాసుకోలే.
ఎరువుల కంపెనీలు, ఎలక్షన్లు, గుడి చందాలు,
ఎవడు పైసలిస్తే వాని అక్షరం నా చేతిల.

ఆ యేడు వానలు ఎనుకబడ్డయ్.
ఈదయ్య వచ్చిండు, చెప్పులు బయట ఇడిసి.
తొడుక్కొనే రా అన్న. వినలే.
బ్యానరు మీద తన పేరు రాయమన్నడు,
పేరు పక్కన కులం పేరు.

నా కుంచె ఆగింది.
మాదిగ అన్న మాట నేను విన్నది
బాయికాడ, పంచాయితికాడ, తాగినోని నోట్ల,
ఉమ్మి లెక్క.
"పెద్దగ రాయి మదారూ" అన్నడు.
"ఇన్నొద్దులు వాళ్లు పిలిస్తే పలికిన.
ఇప్పుడు నేనే పిలుస్త, వాళ్లు పలకనీ."

తెల్లారి డప్పులు
కొండ కిందికెల్లి అంగడి దాకా.
సావు దెబ్బ నాకు తెలుసు, జాతర దెబ్బ తెలుసు.
ఇది కొత్తది.

ఒక్క బ్యానరు, ఒక్క గిరాకి అనుకున్న.
దసరా నాటికి బీరయ్య, గొంగడి భుజాన,
డోలు బొమ్మ గీయమని.
తండాకెల్లి హీర్యా, ఎంబడి చెల్లె సక్రి:
"నగారా నగారా లెక్క రావాలె, కుండ లెక్క కాదు."
మూడుసార్లు చెరిపిచ్చింది.
గీత పని సోమనర్సయ్య మోకు తెచ్చి
తడి రంగుల పెట్టిండు, "గిది చూసి గియ్యి" అని.
ఒకడు తన పేరు తానే గట్టిగ చెప్పుకుంటే
పక్కనోడు జేబులు తడుముకున్నట్టు,
నాదేడ పెట్టిన అని.

చెన్నయ్య మాత్రం నా గడప తొక్కుడు మానిండు.
చిన్ననాటి దోస్తు.
"మమ్ముల చీల్చెటోళ్లకు రాస్తున్నవ్" అన్నడు.
ఏం చెప్పాలె? చాయ్ చల్లారింది.

ఇగ ఒకనాడు డక్కలి పెంటయ్య, కిన్నెర సంకకు.
మాదిగిండ్ల తప్ప ఏడా చెయ్యి చాపనోడు.
ఈదయ్య ఈన్నే కూసున్నడు.
"మా వాటా మాకు అన్నది నువ్వే గదనే.
నీ కింద నేనున్న.
ఆ మాట నాకు గూడ రాపియ్యవా?"
ఈదయ్య బీడీ ఆరింది. లేసి పోయిండు.
మూడోనాడు వచ్చి రంగుకు పైసలు పెట్టిండు,
సగమే.
మిగిలిన సగం నేనడుగలే.
పెంటయ్య అడుగుతనే ఉన్నడు.

మర్రిగూడ దిక్కుకెల్లి అండాలమ్మ,
నలభై ఏండ్లకే నడుము విల్లు.
ఆ నీళ్లు తాగి ఎముకలు బిగిసినోళ్లు పన్నెండు మంది
ట్రాక్టర్ల పండి వచ్చిండ్రు.
"డప్పు మా ఊరికొచ్చింది మదారూ.
మా బొక్కల ముచ్చట చెప్పలే అది.
వంగినోళ్లు లేస్తరని చెప్పింది.
మేము లేవలేం. కూసునే కొట్లాడుతం."
ఎమ్మార్వో ఆఫీసు గోడ చూపిచ్చింది.
నేను నిచ్చెన తెచ్చిన, అలవాటు.
"ఎవలు చదువుతరయ్య ఆడ? నాకు మెడ లేవదు.
జర కిందికి రాయి."

ముప్పై ఏండ్ల సంది గోడలు రాస్తున్న.
మోకాళ్ల మీద కూసోని రాసుడు అదే మొదలు.
అచ్చంపేట బస్సు పోతే బురద చిందింది అక్షరాల మీద.
తడి ఆరకముందే అండాలమ్మ కొంగుతోని తుడిచింది,
"నీళ్లు"ల "నీ" అలికిపోయింది.
ఉండనీ, అన్నది.

ఆ రాత్రి తలుపు దించి, అడుగున మిగిలిన నీలం గీకి
నా బోర్డు మీద, మదార్‌కు ముందు
దూదేకుల అని రాసిన.
మసీదుల ఎనుక వరుస, ఊర్ల ఎనుక వాడ,
ఓ పింజారోడా అంటే పలికినోన్ని.

కాశింబీకి చదువు రాదు.
లాంతరు పట్టి చానసేపు చూసింది.
"ఆ మొదటి అక్షరం తోక
మీ నాయిన దూదేకే విల్లు లెక్కనే ఉన్నది" అన్నది.
"అటక మీదనే ఉన్నట్టుంది. దించుమంటవా?"