నడిమి రబ్బరు

అక్టోబరు రెండో శనివారం.
మంచు ఇంకా పడలేదు. పడతానని మాత్రం
ఇనుపగనుల మట్టిదిబ్బల మీద
తెల్లవారుజామున సంతకం పెట్టి పోతోంది.
ఎయినార్ గరాజు తలుపెత్తి
డెబ్బై రెండు మోడల్ ఫోర్డ్ ట్రక్కు కింద
అట్టపెట్టె చింపి పరిచాడు.
"పానాలు అందించు, చాలు" అన్నాడు.
నాకప్పుడు పదిహేడు.
ఆయన మా ఇంటికొచ్చి మూడేళ్లు.
ఏమని పిలవాలో తేలక
"ఇదిగో" అని పిలిచేదాన్ని.

ట్రక్కు నాన్నది.

చాసీ ఒక ఇనుము, క్యాబిన్ ఇంకో ఇనుము.
నేరుగా కలిస్తే ఒకదాన్నొకటి కొరుక్కు తింటాయి.
అందుకని మధ్యలో ఆరుచోట్ల రబ్బరు బిళ్లలు,
గారెల్లా నడిమి చిల్లుతో.
గోతిలో పడ్డ ప్రతిసారీ దెబ్బ వాటిది,
పేరు స్ప్రింగులది.
ఆ ఏడాది అమ్మా నేనూ ఒకే గదిలో ఉంటే
ఎయినార్ ఏదో పని కల్పించుకుని
మధ్యలో కుర్చీ వేసుకునేవాడు.

బోల్టులకి గురువారం నుంచే నూనె తాగిస్తున్నాడు.
ఎర్త్ వైరు విప్పాడు, స్టీరింగ్ కీలు వదులు చేశాడు,
రేడియేటర్ ఫ్యాన్ దగ్గర చెయ్యి దూర్చి
సందు ఎంతుందో వేళ్లతో కొలిచాడు.
జాకీ మీద చెక్క అడ్డం పెట్టకపోతే
నేలరేకు అప్పడంలా లోపలికి పోతుందట.
ఒక్క అంగుళం లేపాడు. అంతకన్నా వద్దన్నాడు.

మూడో బోల్టు కీచుమంది, మూలిగింది,
పుటుక్కున విరిగింది.
ఎయినార్ తన ముత్తాతల ఫిన్నిష్‌లో ఏదో అన్నాడు,
తర్వాత నాకు ఇంగ్లీషులో సారీ చెప్పాడు.

శీతాకాలాల ఉప్పు తిన్న రబ్బర్లు
ఒక్కోటీ ఒక్కోలా బయటికొచ్చాయి.
ఒకటి ఎండిన ఉసిరిముక్క,
ఒకటి వేలు తగలగానే మసి.
కుడి వెనక మూల అసలు రబ్బరే లేదు.
దాని చోట హాకీ పక్.
డ్రిల్లుతో వంకరగా పొడిచిన చిల్లు,
అంచున తెల్లరంగుతో తొమ్మిది.
తోక పొడుగు తొమ్మిది, నాన్న చేతిరాత.

కొత్త రబ్బరుకి ఆ రోజు డబ్బుల్లేవేమో,
ఉన్నా ఆదివారమేమో, దుకాణం మూసి ఉందేమో.
అడుగుదామంటే
దులూత్ వదిలి ఆయన ఎటు వెళ్లాడో
అమ్మకీ తెలీదు.

పక్ మంచు మీద జారడానికి పుట్టింది,
కింద పడి ఒదగడానికి కాదు.
సరిగ్గా దాని పైనే క్యాబిన్ రేకు జానెడు పగిలి ఉంది.
ఎయినార్ పగులు చూశాడు. నన్ను చూశాడు.
"గట్టి సరుకు" అన్నాడంతే.
తిట్టో మెప్పో ఇప్పటికీ తెలీదు.
పక్‌ని చొక్కాకి తుడిచి జేబులో వేసుకున్నాడు.

సాయంత్రానికి ఆరూ కూర్చున్నాయి.
తలుపు వేస్తే ఇదివరకు రేకుడబ్బా మోత,
ఇప్పుడు లావుపాటి పుస్తకం మూసినట్టు.
రైలుపట్టాలు దాటుతుంటే అద్దం వణకలేదు.
వెనక కారులో మనిషికి మీసం ఉందని
మొదటిసారి కనిపించింది.

ఇంటికొచ్చాక అన్నం వేళకి ముందు
అమ్మ నేలమాళిగలో వాషింగ్ మెషీన్ వేసింది.
పొట్టికాలు మెషీన్ అది,
పిండేటప్పుడు గది సగం నడిచొచ్చేది,
దాంతో పాటు అమ్మ అరుపులూ.
ఆ రోజు అది ఉన్నచోటే తిరిగింది.
బట్టలబుట్టతో దిగి వంగి చూశాను.
కాలు కింద నల్లగా, గుండ్రంగా.
తొమ్మిదిని గోడవైపు తిప్పి పెట్టాడు.

"దీన్నేం చేశావ్?" కింది నుంచే అమ్మ కేక.
"కాలు కింద ఏదో పెట్టాను"
పైన సింకు దగ్గర ఎయినార్.
గోళ్లలో నలుపు ఎంత రుద్దినా పోవడంలేదు.
తడిచేతులతో తువ్వాలు కోసం తడుముతున్నాడు.

నేను మెట్లెక్కి వెళ్లి తీసిచ్చాను.
"ఇదిగో" అన్నాను.