పెద్దనాయన రాయి

తొక్కు జాడీ మీద బరువుకు పెట్టిన ఈ రాయి
ఒకసారి అసెంబ్లీకి పోయొచ్చింది.
చెప్తే ఎవరూ నమ్మరు. నమ్మకుంటే ఏమాయె,
జాడీ మూత కదలకుంటే చాలు.

దేవరకొండకు తూర్పున, పరికలగూడెం దాటినంక
గుట్ట కింద పదెకరాలు.
పహాణీల దాని పేరు బంజరు.
గుండగోని అంతయ్య, మా నాయినకు అన్న,
మోకు ముత్తాదు తమ్మునికిచ్చి
గడ్డపార పట్టిండు.
పరికికంప కొట్టిండు, తేళ్లతోటి తగువు పడ్డడు,
ఏడు ఎండకాలాలు రాళ్లేరిండు.
గట్టు మీద గోడ లేచింది, నడుము వంగింది.
ఎనిమిదో ఏడు ఆముదాలు మొలిచినయి.
మొదటి గెల కోసిన నాడు పెద్దమ్మ ఏడ్చిందట,
సంతోషానికి కాదు,
చేతులు మండి.

హాలీ పైసలు ఇంకా చెల్లుతున్న రోజులు.
ఓట్లొచ్చినయంటే నలుగురు కూడి నిలబెట్టిండ్రు.
జెండా మోసే మనిషి దొరకక
ఎద్దు కొమ్ముకు కట్టిండ్రు.
గెలిచిండు.
కొత్త చెప్పులు చంకల పెట్టుకొని
పట్నం బస్సెక్కిండు,
సంచిల రెండు సజ్జరొట్టెలు, ఈ రాయి.

అయిదేండ్లల్ల ఒక్కసారే లేచిండు.
రాయిని బల్ల మీద పెట్టి అడిగిండు:
"దున్నినంక గూడ దీన్ని బంజరంటరెందుకయ్యా?
దున్నినోని పేరు ఏ గడిల రాస్తరు?"
గడి అనంగనే ముందు వరుసల
ఇద్దరు దొరలు తల తిప్పిండ్రట.
కాయితంల మాత్రం 'నవ్వులు' అనే ఉన్నది.
మంత్రి జవాబు: విషయం పరిశీలనలో ఉన్నది.
అధ్యక్షుల వారి ఆజ్ఞ: సభ్యుడు రాయి తీయవలెను.

తీసిండు.

మలిసారి ఓడిపోయిండు.
కబురు తెచ్చిన పిలగాడు
సాళ్ల పొంటి ఎంటవడి ఉరుకుతుంటే
"ఈ చెక్క అయిపోనీ బిడ్డా, తర్వాత బాధపడత" అన్నడట.
తర్వాత ఇంకో చెక్క దున్నిండు.

పట్టా వచ్చింది,
ఆయన పోయిన మూడేండ్లకు.
అందుల పేరు గుండగోని అనంతయ్య.
ఒక్క 'న' తీసెయ్యమని
తాసీలాపీసు మెట్లు ఇప్పుడు నేనెక్కుతున్న.
పెద్దనాయనకైతే అంతమున్నది,
ఈ కాయితానికే లేదు.
"పరిశీలనలో ఉన్నదమ్మా" అంటడు గుమాస్త,
తల ఎత్తకుండ, చాయ ఊదుకుంట.

రేపు సోమారం.
సజ్జపిండి కలిపి పెట్టిన.
జాడీ మీదికి
వేరే బరువు చూడాలె.